ఊరికే వస్తుంది, కానీ ఊరికే నడవదు



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు నన్ను ఇలా అడిగారు: “మేడమ్, మావాడు ప్రాజెక్ట్ అంతా వికీపీడియా చూసి రాశాడు. రూపాయి తీసుకోరు, ఒక్క యాడ్ కూడా ఉండదు. మరి అంత సమాచారం ఎవరిస్తున్నారు? ఇందులో ఏదో మతలబు ఉండే ఉంటుంది కదా?”

వెనకాల ఇంకా పదిమంది ప్రోగ్రెస్ కార్డుల కోసం ఎదురుచూస్తున్నారు. అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. కానీ అది మనందరం అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఆ జవాబు ఈ నెల ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన కాలువల సంగతి చూద్దాం. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఏ రైతూ తన పొలం కోసం విడిగా ఆనకట్ట కట్టుకోలేడు. అందరికీ కలిపి ఒకటే ఆనకట్ట. దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు, వాటి మీద లాకులు, తూములు. ఎండాకాలంలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు, పూడిక తీస్తారు, గుర్రపుడెక్క తొలగిస్తారు. ఆ పని సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో శివారు పొలాల వాళ్లకు బాగా తెలుసు.

ఇంటర్నెట్‌లో కూడా ఇలాంటి ఉమ్మడి కాలువలున్నాయి. వాటిని ఎక్కువగా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో కట్టారు. ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎలా రాశారో అందరికీ కనిపించేలా పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అని అనుమతిస్తే దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానికంటూ వేరే సర్వర్లు లేవు, వేరే సాఫ్ట్‌వేర్ లేదు. 300కు పైగా భాషల వికీపీడియాలన్నీ మీడియావికీ అనే ఒకే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. సర్వర్లను వికీమీడియా ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చూసుకుంటుంది. ఆ ఖర్చు చాలావరకు పాఠకులు ఇచ్చే విరాళాల నుంచే వస్తుంది. వ్యాసాలు రాసేది, తప్పులు దిద్దేది జీతం లేని వాలంటీర్లు. అమ్మగారూ, మతలబు ఏమీ లేదండీ. ఉన్నది ఇంతే.

ఇలా కలిసి వాడుకోవడంలో లాభం ఏమిటి? ఫోటోల సంగతే చూడండి. అన్ని భాషల వికీపీడియాలకూ కలిపి వికీమీడియా కామన్స్ అనే ఒకే భాండాగారం ఉంది. రాజమండ్రి వంతెన ఫోటో ఒకరు అక్కడ ఒక్కసారి పెడితే చాలు, తెలుగు వ్యాసం, ఇంగ్లిష్ వ్యాసం, తమిళ వ్యాసం అన్నీ దాన్నే వాడుకోవచ్చు. తెరమీద కనిపించే ‘సవరించు’, ‘వెతుకు’ లాంటి మాటలను కూడా వాలంటీర్లు ట్రాన్స్‌లేట్‌వికీ అనే ఒక ఉమ్మడి వెబ్‌సైట్‌లో తెలుగు చేస్తారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లాంటి వేరే ప్రాజెక్టులు కూడా ఆ వెబ్‌సైట్‌నే వాడుకుంటున్నాయి. ఎవరికి వారు విడిగా పెట్టుకోవాల్సి వస్తే, డబ్బూ మనుషులూ తక్కువగా ఉన్న భాషలు మొదట్లోనే ఆగిపోయేవి.

నష్టం కూడా ఉమ్మడిగానే వస్తుంది. 2014 ఏప్రిల్‌లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడింది. మన పాస్‌వర్డ్‌లు, కార్డు వివరాలు దారిలో ఎవరి కంటా పడకుండా కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆ లోపం ఉంది. పెద్ద పెద్ద కంపెనీలు దాన్ని ఉచితంగా వాడుకుంటున్నాయి. దాని మీద పూర్తికాలం పనిచేసే మనిషి మాత్రం ఒక్కరే! గండి పడ్డాక గానీ కాలువ గట్టు ఎవరికీ గుర్తు రాలేదు. ఆ తర్వాత లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటి కంపెనీలు కలిసి, ఇలాంటి ఉమ్మడి సాఫ్ట్‌వేర్ నిర్వహణకు నిధి ఏర్పాటు చేశాయి.

ఇక మన పిల్లల సంగతి. ఇంగ్లిష్ వికీపీడియాలో 70 లక్షలకు పైగా వ్యాసాలున్నాయి. తెలుగులో లక్ష దాటాయి. సర్వర్లు అవే, సాఫ్ట్‌వేర్ అదే. శివారుకు నీళ్లు అందకపోవడం కాదిది. నీళ్లు అందరికీ వస్తున్నాయి, మన చేలో నాట్లు వేసేవాళ్లే తక్కువ.

మొన్న ఏడో తరగతి పిల్లల చేత ఎవరి ఊరి వ్యాసం వాళ్ల చేత తెరిపించాను. చాలా ఊళ్లకు 2011 జనాభా లెక్కలు, స్కూళ్లు, రోడ్లు, సాగునీటి వివరాలు ఉన్నాయి. ఒక అమ్మాయి చేయి ఎత్తి, “మేడమ్, మా ఊరి ప్రభల తీర్థం గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఎవరు రాస్తారు?” అంది. క్లాసంతా నావైపు చూసింది. ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్న మన పిల్లలు రాయకపోతే ఇంకెవరు రాస్తారన్నది నాకూ ప్రశ్నే.

మీరు ఇంట్లో చేయగలిగినవి మూడు చెబుతాను. ఒకటి, ప్రాజెక్టు కోసం వికీపీడియా చూసినప్పుడు, ఉన్నది ఉన్నట్టు దించేయనివ్వకండి. వ్యాసం కింద ఇచ్చిన ఆధారాలు, పైన ‘చరిత్ర’ పేజీ చూపించండి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అక్కడ కనిపిస్తుంది. రెండు, తప్పు కనిపిస్తే పక్కన కూర్చుని, పుస్తకమో పేపరో ఆధారంగా చూపించి దిద్దించండి. అసలు పేరు, ఫోన్ నంబరు ఇవ్వాల్సిన పని లేదు. మన ఊరి గురించీ మన స్కూల్ గురించీ గొప్పలు రాస్తే మాత్రం నిలవవు, తీసేస్తారు! మూడు, ఈసారి కనుమకు తీర్థానికి వెళ్తే, మనుషుల ముఖాలు పడకుండా ప్రభను పిల్లల చేత ఫోటో తీయించండి. ఎవరైనా వాడుకోవచ్చని అనుమతిస్తూ కామన్స్‌లో మీరే దగ్గరుండి పెట్టించండి.

దీనికి మార్కులు రావు, ర్యాంకులూ రావు. కానీ తాను తాగే నీటి కాలువలో ఒక గంప పూడిక తానూ తీశానని పిల్లవాడికి తెలుస్తుంది. ఆ అమ్మాయి మాత్రం తన ఊరి ప్రభ గురించి వాళ్ల తాతయ్యను అడిగి నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసుకొచ్చింది. ఇప్పుడు ఆధారాల కోసం పుస్తకాలు వెతుకుతున్నాం. మీ ఇంట్లో మన ఊళ్ల చరిత్ర పుస్తకాలేమైనా ఉంటే దయచేసి మీ పిల్లలతో పంపండి. చూసి జాగ్రత్తగా తిరిగి ఇచ్చేస్తాం.