వేటకుక్క తిరుగుదారి ఎలా పట్టుకుంటుంది?

తమిళనాడులోని రాజపాళయం పడమటి కనుమల కింద ఉంది. తరాల కిందట అక్కడికి వెళ్లి స్థిరపడిన రాజు కులస్థుల ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. తెల్లటి ఒళ్లు, గులాబీరంగు ముక్కు ఉన్న రాజపాళయం కుక్క ఈ ఊరిదే. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల వేసింది. పూర్వం అడవిపందుల వేటకు దీన్ని వెంట తీసుకెళ్లేవారు. పందిని తరుముతూ కనుచూపు దాటిపోయిన వేటకుక్క మళ్లీ యజమానిని ఎలా చేరుతుంది?

మొదటి సాయం ముక్కుది. తను వెళ్లిన దారిలో మిగిలిన తన వాసననే పట్టుకుని వెనక్కి వస్తుంది. కానీ కొన్ని కుక్కలు ఎన్నడూ తొక్కని దారిలో వచ్చేస్తాయి! చెక్ దేశపు శాస్త్రవేత్తలు 27 వేటకుక్కలకు జీపీఎస్ పట్టీలు కట్టి చూసి, 2020లో ఫలితాలు ప్రకటించారు. కొత్తదారి పట్టిన కుక్కలు చాలాసార్లు ముందు సుమారు 20 మీటర్లు ఉత్తర దక్షిణాల వెంట పరుగెత్తాయి, యజమాని ఏ దిక్కున ఉన్నా సరే. భూమి అయస్కాంత శక్తితో దిక్కు సరిచూసుకుంటున్నాయని వారి ఊహ. ఇంకా రుజువు కాలేదు. అయినా ఎంత అబ్బురం!

అమెరికాలో బాబీ అనే కుక్క 1923లో ఇండియానాలో తప్పిపోయి, ఆరు నెలలకు సుమారు 4,000 కిలోమీటర్లు ప్రయాణించి ఒరెగాన్‌లోని ఇంటికి చేరింది. అలాంటివి బహు అరుదు. మీ కుక్క తప్పిపోతే అదే వస్తుందిలే అని కూర్చోకండి. చివరిసారి కనబడిన చోటికి వెంటనే వెళ్లి వెతకండి. రాజపాళయం కుక్కల్లో పుట్టుచెవుడు ఉన్నవీ ఉంటాయి, వాటికి మీ కేక వినబడదు.