ఇమ్లీబన్ మునిగితే బస్సు ఎక్కడ?

కవాడిగూడ: ఇక్కడివారు ఊరికి బయలుదేరితే అటు జూబ్లీ బస్ స్టేషన్, ఇటు ఇమ్లీబన్. ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా 11 కిలోమీటర్ల మెట్రో మార్గం 2020 ఫిబ్రవరి 7న ఈ రెంటినీ కలిపింది. అంతవరకు బాగానే వుంది.

అయితే ఇమ్లీబన్ మూసీ నడుమ లంకలో కట్టిన స్టేషన్. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఎగువన జంట జలాశయాల గేట్లు ఎత్తగా వరద లోపలికి చొచ్చుకువచ్చింది. ప్రయాణికులు పిల్లాపాపలతో చిక్కుకుపోగా సిబ్బంది బయటికి తరలించారు. మర్నాడు కరీంనగర్, ఆదిలాబాద్ బస్సులు జూబ్లీ నుంచి, వరంగల్‌వి ఉప్పల్ నుంచి, విజయవాడవి ఎల్.బి.నగర్ నుంచి, కర్నూలువి ఆరాంఘర్ నుంచి నడిచాయి. కూడళ్లు నాలుగు దిక్కులా ఉండబట్టే రాకపోకలు ఆగలేదు. వరద వేళ ఏ ఊరి బస్సు ఎక్కడ ఎక్కాలో తెలిపే బోర్డులు వానాకాలానికి ముందే మెట్రో స్టేషన్లలో పెట్టించవలసి వుంది.