బాట వెంట వచ్చిన గొడ్డలి

దక్షిణ అమెరికా పటమును విప్పి చూచినచో, భూమధ్యరేఖ ప్రాంతమున ఆకుపచ్చని రంగు పూసిన విశాలభాగ మొకటి కనిపించును. అదియే అమెజాన్ వర్షారణ్యము. దాని వైశాల్యము సుమారు 55 లక్షల చదరపు కిలోమీటర్లు. అనగా మన భారతదేశమునకు ఒకటిన్నర రెట్లకు మించినది. ఎనిమిది దేశములలోను, ఫ్రెంచి గయానాలోను వ్యాపించిన ఈ అరణ్యములో నూటికి అరువది పాళ్లు బ్రెజిల్ దేశమునందే కలదు. మన సగ్గుబియ్యమునకు మూలమైన కర్రపెండలము ఆ ప్రాంతపు ఆదివాసులు పూర్వము సాగులోనికి తెచ్చిన పంటయే. రబ్బరు చెట్టుకును అదియే జన్మభూమి.

వేలకొలది సంవత్సరములుగా అచ్చట మనుష్యులు నివసించుచునే యున్నారు. వారు చిన్న చిన్న తావులు నరికి, కాల్చి, కొన్నేండ్లు పోడు సాగు చేసి, ఆ నేలను మరల అడవికే విడిచిపెట్టుచుండిరి. అడవియు ఆ గాయములను మాన్పుకొనుచుండెను. 1970 ప్రాంతము వరకు దానికి కలిగిన నష్టము స్వల్పమే. పిమ్మట అర్ధశతాబ్దిలో సుమారు ఆరవవంతు నశించినది. జనాభా పెరుగుటచేతను, పేదలు కట్టెలు కొట్టుటచేతను అడవులు క్షీణించుచున్నవని పాఠములలో చెప్పుట పరిపాటి. అమెజాన్ విషయమున ఈ సమాధానము చాలదు. అచ్చట గొడ్డలి బాట వెంట వచ్చినది. ఆ బాటను వేసినది ప్రభుత్వము.

1970లో బ్రెజిల్ ఈశాన్యభాగమున తీవ్రమైన కరవు వచ్చెను. నాటి అధ్యక్షుడు మెదిసి, భూమిలేని కుటుంబములను అడవిలోనికి తరలింప నెంచి, ట్రాన్స్ అమెజాన్ రహదారి నిర్మాణమును ప్రారంభించెను. లక్ష కుటుంబములను స్థిరపరుపవలెనని సంకల్పించిరి గాని, వచ్చినవారు అందులో కొలదిమందియే. 1984లో ప్రపంచ బ్యాంకు ఋణముతో రొండోనియా రాష్ట్రము గుండా పోవు రహదారికి తారు వేసిరి. పెద్ద బాట నుండి ఇరువైపుల చిన్న బాటలు చీలినవి. వాటి వెంట అడవి తరిగినది. ఆకాశమునుండి తీసిన చిత్రములలో ఆ ప్రాంతము చేపముల్లు వలె కనిపించును.

నరికిన నేలలో అధికభాగము పసులబీడుగా మారినది. 1966 నుండి ప్రభుత్వము పెద్ద పశుపాలకులకు పన్నుల రాయితీలు కల్పించెను. అడవిని కొట్టి బీడు చేయుటయే భూమి తమ స్వాధీనమున నున్నదనుటకు నిదర్శనముగా చెల్లుచుండెను. కావున మాంసమునకై మాత్రమే గాక, భూమిపై హక్కు సంపాదించుటకును పశువులను మేపిరి. తరువాత సోయా చిక్కుడు పొలములు, కలప వ్యాపారము, బంగారు గనులు తోడైనవి.

అంతటి పచ్చదనమును పెంచిన నేల సారవంతమై యుండవలెనని మన మనుకొందుము. నిజమునకు అచ్చటి నేలలో చాలభాగము నిస్సారము. సారమంతయు చెట్లలోను, రాలి కుళ్లుచున్న ఆకులలోను ఉన్నది. చెట్లను కాల్చగా మిగిలిన బూడిద కొన్నేండ్లు గడ్డిని పెంచును. పిమ్మట కుండపోత వానలు ఆ సారమును కడిగివేయును. బీడు చౌడువారినట్లగును, యజమాని మరియొక అడవితావు నరుకును.

అమెజాన్ లోకమునకు ఊపిరితిత్తులని ఒక నానుడి కలదు. ఆ మాట సరికాదు. ఆ అడవి విడిచిన ప్రాణవాయువును దాదాపు పూర్తిగా అదియే తన శ్వాసక్రియకును, కుళ్లుటకును వ్యయము చేసికొనును. దాని అసలు విలువ వానలోను, అది తనలో దాచుకొన్న కర్బనములోను ఉన్నది. అట్లాంటిక్ సముద్రమునుండి వచ్చిన మేఘము వర్షింపగా, చెట్లు ఆ నీటిని పీల్చి తిరిగి ఆవిరిగా విడుచును. ఆ ఆవిరి పడమటికి సాగి మరల వర్షించును. అచ్చట కురియు వానలో ఇంచుమించు సగము ఇట్లు అడవి తిరిగి ఇచ్చినదే యని ఎనెయాస్ సలాతి అను బ్రెజిల్ శాస్త్రజ్ఞుడు 1970 దశకములో నిరూపించెను. చెట్టు కూలినచో నీడ మాత్రమే కాదు, గాలివాలున నున్న ఊరి వానయు తగ్గును.

ఈ అన్యాయమును మొదట ఎదిరించినవారు ఆ అడవినే నమ్ముకొన్న పేదలు. ఆక్రె రాష్ట్రమున రబ్బరు పాలు తీయు కూలివాడైన షికో మెండెస్ తనవారిని కూడగట్టెను. స్త్రీలు, పిల్లలతో సహా వారు రంపపు యంత్రముల కెదురుగా నిలిచిరి. 1988 డిసెంబరు 22న పశుపాలకుల పక్షమువారు ఆయనను ఇంటివద్దనే కాల్చి చంపిరి. 1990లో ఆయన పేర ఒక అరణ్యభాగమును ప్రత్యేకించి, చెట్లను నరుకక జీవించువారికి అనుభవహక్కు నిచ్చిరి. ఆయన సహచరియైన మరీనా సిల్వా, రబ్బరు కూలివారి బిడ్డ, పదునారవ యేట అక్షరములు నేర్చి, 2003లో పర్యావరణ మంత్రిణి యయ్యెను.

ఆమె కాలమున ఏమి జరిగినదో లెక్కలే చెప్పును. 2004లో బ్రెజిల్ అమెజాన్‌లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయినది. అట్టివి నాలుగేండ్లు గడచిన తెలంగాణమంత నేల బోడియగును. ఆ యేడే ఉపగ్రహములతో నిఘా, తనిఖీలు, రక్షిత ప్రాంతముల విస్తరణ మొదలైనవి. 2006లో కొత్తగా నరికిన భూములలో పండిన సోయాను కొనబోమని వర్తకులు ఒడంబడిరి. 2012 నాటికి నష్టము 4,571కి దిగినది. పట్టు సడలగా 2021లో 13,038కి ఎగబ్రాకినది. మరల కట్టడి చేయగా 2024లో సుమారు 6,300కి తగ్గినది.

ఈ యంకెలు రెండు విషయములు బోధించును. అడవి నశించుట విధివ్రాత కాదు. పాలకులు తలచినచో గొడ్డలి ఆగును, ఏమరినచో లేచును. రెండవది, విద్యార్థులు ముఖ్యముగా గమనింపదగినది: తగ్గినది ఏటేటి నరికివేత మాత్రమే. 6,300 అనగా అంత అడవి ఆ యేడు కొత్తగా పోయినదని యర్థము. పోయిన మొత్తము ప్రతి సంవత్సరము పెరుగుచునే యున్నది; నూరేండ్ల వృక్షము కూలిన తావున నూరేండ్ల వృక్షము మరల నిలుచుటకు నూరేండ్లు పట్టును.