మింట మెరిసి.. మాయమై
ఇరిడియం మెరుపుల వెనుక అద్దాల కథ

చీకటి పడ్డాక ఆరుబయట మంచం వేసుకుని పడుకున్నవారికి కొన్నేళ్ల క్రితం వరకు ఓ వింత కనిపించేది. నెమ్మదిగా సాగుతున్న మసక చుక్క ఒకటి ఉన్నట్టుండి ప్రకాశించి, శుక్రగ్రహాన్ని మించి ధగధగలాడి, కొద్ది సెకన్లలోనే మళ్లీ మసకబారేది. చుక్క రాలిందని కొందరు, అపశకునమని మరికొందరు అనుకునేవారు. అది చుక్కా కాదు, ఉల్కా కాదు. ఇరిడియం ఉపగ్రహంపై పడి మన వైపు తిరిగిన ఎండ.

ఉపగ్రహానికి సొంత వెలుగు ఉండదు. మనకు పొద్దుగుంకినా, 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే దానికి ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది. ఉపగ్రహ ఫోన్ల కోసం అమెరికాకు చెందిన మోటరోలా చొరవతో 1997 నుంచి వీటిని ప్రయోగించారు. తొలుత 77 ఉపగ్రహాలు అనుకున్నారు. పరమాణు సంఖ్య 77 గల ఇరిడియం పేరు అలా వచ్చింది. చివరకు 66తోనే సరిపెట్టినా పేరు మాత్రం మారలేదు!

ఒక్కోదానికి మూడు యాంటెన్నా పలకలు. తలుపు రెక్కంత ఉండే ఇవి వెండిపూతతో అద్దంలా మెరిసేవి. పిల్లలు అద్దంతో ఎండను ఎదుటి గోడపై ఆడించినట్లే, ఆ పలక నుంచి పడిన వెలుగు నేలపై పరుగెత్తేది. అందుకే ఒక ఊరిలో కళ్లు చెదిరేలా కనిపించిన మెరుపు, కొన్ని పదుల కిలోమీటర్ల అవతలి ఊరికి మసక చుక్కగానే మిగిలేది. చూశానన్నవాడూ, ఏమీ లేదన్నవాడూ ఇద్దరూ నిజమే చెప్పేవారన్నమాట.

ఉపగ్రహం ఏ భంగిమలో ఉందో తెలుసు కనుక మెరుపు వేళను సెకన్లతో సహా ముందే లెక్కగట్టేవారు. హెవెన్స్ అబౌ వెబ్‌సైట్‌లో ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే చాలు, ఏ దిక్కున ఎంత ఎత్తులో చూడాలో తెలిసేది. అపశకునం గడియారం చూసుకుని వస్తుందా? కొన్ని మెరుపులు శుక్రుడికంటే 20 రెట్లకు పైగా ప్రకాశించేవి. పట్టపగలు కనిపించినవీ ఉన్నాయి.

2017-19 మధ్య కొత్త తరం ఉపగ్రహాలు వచ్చాయి. వాటికి అలాంటి పలకలు లేవు. పాతవాటిలో చాలావాటిని కిందికి దించి వాతావరణంలో మండిపోయేలా చేశారు. చెడిపోయి పల్టీలు కొడుతున్నవి కొన్ని మిగిలాయి. అవి అప్పుడప్పుడు తళుక్కుమన్నా ముందుగా చెప్పడం కష్టం.

ఇప్పుడు ఆకాశంలో కదిలే వెలుగు కనిపిస్తే పోల్చుకోవడం తేలికే. ఉల్క సాధారణంగా ఒకటి రెండు సెకన్లలో గీత గీసి ఆరిపోతుంది. విమానానికి రంగు దీపాలు మినుకుమంటాయి. మినుకుమనకుండా కొన్ని నిమిషాలపాటు నిలకడగా సాగిపోయే పెద్ద చుక్క అయితే, అది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కావచ్చు. అందులో మనుషులు ఉంటారు.