పోస్ట్‌కార్డు మీద లేని మాట



మన పిల్లలు క్రికెటర్ల కార్డులు దాచుకున్నట్టే అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు ఒక రకం పోస్ట్‌కార్డులు సేకరిస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం ఉంది. 1939లో మొదలైంది. అక్కడ చోటు దక్కిన ప్రతి ఆటగాడికీ ఒక కంచు ఫలకం ఉంటుంది. దాని మీద అతని ముఖం, కింద కొద్ది మాటల్లో అతని గొప్పతనం. ఆ ఫలకం ఫొటోనే పోస్ట్‌కార్డుగా అచ్చువేస్తారు. ఆటగాడి సంతకం కూడా ఉంటే కార్డు విలువ ఇంకా పెరుగుతుంది.

వాటిలో జాకీ రాబిన్సన్ కార్డు గురించి మీకు చెప్పాలి. అమెరికా మేజర్ లీగ్ జట్లు సుమారు 60 ఏళ్లపాటు నల్లజాతి ఆటగాళ్లను చేర్చుకోలేదు. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగి ఆ అడ్డుగోడను దాటాడు. తిట్లు, బెదిరింపులు భరిస్తూనే ఆడాడు. 1949లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. 1962లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి నల్లజాతి ఆటగాడు అతనే.

కానీ ఆనాటి ఫలకం మీద ఈ పోరాటం గురించి ఒక్క మాటా లేదు. బ్యాటింగ్ సగటు .311, దొంగిలించిన బేస్‌లు, ఫీల్డింగ్ రికార్డు... అన్నీ అంకెలే. తనను కేవలం ఆటను బట్టే అంచనా వేయాలని రాబిన్సనే కోరుకున్నాడు. 2008లో మ్యూజియం ఆ ఫలకాన్ని మార్చి, 1947లో అతను చూపిన ధైర్యాన్ని కూడా రాసింది. అందుకే పాత కార్డు, కొత్త కార్డు పక్కపక్కన పెడితే మనిషి ఒక్కడే, కథలు రెండు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, త్వరలో మీ చేతికి ప్రోగ్రెస్ కార్డు వస్తుంది. అందులోని మార్కులు నిజమే, ముఖ్యమే. రాబిన్సన్ కూడా ఆ అంకెలు సాధించే అక్కడికి చేరాడు. కానీ జ్వరంతో వారం రోజులు బడికి రాని స్నేహితుడికి రోజూ నోట్స్ రాసిచ్చిన మా క్లాసు అబ్బాయి సంగతి ఆ కార్డులో ఏ గడిలోనూ ఉండదు. ఆ సంగతి రాయడానికి నాకూ అందులో చోటు లేదు.

ఇంట్లో ఒక చిన్న పని చేయండి. పోస్ట్‌కార్డు సైజు అట్ట ముక్క తీసుకుని ఒకవైపు పిల్లల ఫొటో అంటించండి. వెనకవైపు, ఈ టర్మ్‌లో మీ బిడ్డ చేసిన, మార్కుల్లో కనపడని ఒక పని రాసి, కింద మీరు సంతకం పెట్టండి. మీటింగ్‌కు వచ్చేటప్పుడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు దాన్ని కూడా తీసుకురండి. నేను రెండూ చదువుతాను.