కొంచెం మంచే కదా అనుకుంటే కొంప మునిగినట్టే.. లంబసింగి ఘాట్‌ నుంచి డాలస్‌ హైవే దాకా డ్రైవర్లు చేస్తున్న తప్పు ఇదే!

యలమంచిలి: చలికాలం వచ్చిందంటే చాలు.. యలమంచిలి, తుని, అనకాపల్లి వైపు నుంచి కార్లు, బైకులు అర్ధరాత్రి దాటాక నర్సీపట్నం మీదుగా లంబసింగి బాట పడతాయి. సూర్యుడు రాకముందే కొండ మీద ఉండాలి, మంచులో ఫొటోలు దిగాలి. అదే సీజన్‌లో డాలస్‌, అట్లాంటాల్లో ఉంటున్న తెలుగు పిల్లలు "ఇక్కడ కూడా మంచు పడింది" అంటూ ఇంటికి వీడియోలు పంపిస్తుంటారు. మనాలీ టూర్‌కు వెళ్లినవాళ్ల స్టేటస్‌లలోనూ మంచే. మూడు చోట్లా మాట ఒక్కటే. కానీ టైరు కిందకు వచ్చేసరికి అది ఒక్కటి కాదు.

మోకాలి లోతు మంచు కనిపిస్తే ఎవరైనా బండి ఆపేస్తారు. కొంచెమే కదా అనిపించినప్పుడే తాళాలు తీసుకుని బయల్దేరతారు. పెద్ద ప్రమాదాలు చాలావరకు జరిగేది ఇక్కడే. ఎందుకంటే రోడ్డు మీద పల్చగా పేరుకున్న మంచు కంటికి కనిపించదు, బ్రేక్‌కు లొంగదు.

ఒకే మాట.. నాలుగు రకాల మంచు

తెలుగులో మనం అన్నిటినీ మంచు అనేస్తాం. డ్రైవర్‌కు మాత్రం ఇవి నాలుగు వేర్వేరు సమస్యలు.

మొదటిది పొగమంచు. గాలిలో తేలే సన్నని నీటి తుంపర. ఇది చూపును అడ్డుకుంటుంది. రెండోది గడ్డి మీద, కారు అద్దాల మీద పట్టే మంచు నీరు. ఇది రోడ్డును తడిగా చేస్తుంది. మూడోది ఆకాశం నుంచి కురిసే స్నో. ఇది తెల్లగా కనిపిస్తుంది కాబట్టి కనీసం హెచ్చరిక ఉంటుంది. నాలుగోది రోడ్డు మీద నీరు అద్దంలా గడ్డకట్టిన ఐస్‌. పల్చగా, పారదర్శకంగా ఉండటంతో కింద ఉన్న నల్ల రోడ్డే కనిపిస్తుంది. అందుకే దీన్ని బ్లాక్‌ ఐస్‌ అంటారు. చూసేవాళ్లకు కాస్త తడిసిన రోడ్డులా ఉంటుంది.. అంతే.

కోస్తాలో బండి నేర్చుకున్నవాళ్లకు మొదటి రెండూ తెలుసు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున జాతీయ రహదారి 16 మీద పొగమంచు చూడని డ్రైవర్‌ ఉండడు. మిగతా రెండింటితో మాత్రం అలవాటు లేదు. అసలు చిక్కు అక్కడే.

లంబసింగిలో కురిసేది స్నోనా?

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఉంది లంబసింగి. సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. ఆంధ్రా కశ్మీర్‌ అని పేరు. అయితే ఇక్కడ కశ్మీర్‌లో మాదిరి స్నో కురవడం లేదు. పర్యాటకులు చూసేది దట్టమైన పొగమంచు, మేఘాలు. బాగా చలి ఉన్న రోజుల్లో గడ్డి మీద, వాహనాల పైభాగాల మీద తెల్లగా గడ్డకట్టిన మంచు.

చింతపల్లిలో ఉష్ణోగ్రత సున్నా కాకపోయినా కారు పైన మంచు ఎలా గడ్డకడుతుంది? దీనికి కారణం ఉంది. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్‌ను నేల మీద పెట్టరు. మనిషి ఛాతీ ఎత్తులో, నీడలో ఉంచుతారు. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేలలోని వేడి పైకి వెళ్లిపోతుంది. దాంతో గడ్డి, పల్చటి ఇనుప రేకు.. చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడతాయి. అంటే వార్తల్లో 3 డిగ్రీలు అని చెప్పిన రోజున కూడా కారు పైన తెల్లటి పొర కనిపించవచ్చు. తారు రోడ్డు పగటి వేడిని కాసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి అంత త్వరగా గడ్డకట్టదు.

అలాగని ఘాట్‌ సురక్షితం అనుకోవద్దు. మంచు నీటికి దుమ్ము, బురద, వాహనాల నుంచి కారిన ఆయిల్‌ కలిస్తే మలుపుల దగ్గర రోడ్డు సబ్బు రాసినట్టు జారుతుంది. పైగా ఎదురుగా ఏమొస్తోందో కనిపించదు. నిద్ర లేకుండా బయల్దేరిన డ్రైవర్‌ కళ్లు మూతలు పడే సమయం కూడా అదే. ఇక్కడ ముప్పు గడ్డకట్టిన రోడ్డు కాదు.. కనిపించని మలుపు, తడి రోడ్డు, నిద్రమత్తు. ఈ మూడూ కలిస్తే ప్రమాదం.

60లో వెళ్తుంటే ఎంత దూరంలో ఆగుతుంది?

ఈ లెక్క తెలిస్తే చాలు, చాలామంది యాక్సిలరేటర్‌ మీద నుంచి కాలు తీసేస్తారు. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బ్రేక్‌ తొక్కిన తర్వాత సమతలంగా ఉన్న పొడి రోడ్డు మీద కారు సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు మీద 30 మీటర్లు దాటుతుంది. అదే ఐస్‌ మీదైతే సుమారు 140 మీటర్లు! అంటే ఏడు రెట్లు. ఇది బ్రేక్‌ పడిన తర్వాతి లెక్క మాత్రమే. ప్రమాదాన్ని గమనించి కాలు బ్రేక్‌ మీదకు తెచ్చేలోపు ఇంకో 17 నుంచి 25 మీటర్లు వెళ్లిపోతుంది. రోడ్డు దిగువకు ఉంటే దూరం ఇంకా పెరుగుతుంది.

ఐస్‌ మీద 20 కిలోమీటర్ల వేగంలో వెళ్లినా బండి ఆగడానికి దాదాపు 16 మీటర్లు కావాలి. అందుకే ఐస్‌ మీద 20 అంటే నెమ్మది కాదు. మన పొడి రోడ్డు మీద 50కి పైగా వెళ్తున్నట్టు లెక్క.

ఇంకో విషయం.. బాగా గడ్డకట్టిన చలిలో కంటే సున్నా డిగ్రీల దగ్గర ఐస్‌ ఎక్కువ జారుతుంది. పైన సన్నటి నీటి పొర ఉండటమే దీనికి కారణం. అంటే చలి అంత లేదు కదా అనిపించే ఉదయమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

5 సెంటీమీటర్ల మంచుకే ఆగిపోయిన అట్లాంటా

2014 జనవరి 28. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నగరాల్లో ఒకటైన అట్లాంటా. ఆ రోజు పడింది కేవలం 5 సెంటీమీటర్లకు కాస్త పైన స్నో. ఉత్తరాది నగరాల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ అట్లాంటా స్తంభించిపోయింది.

అలా ఎందుకైంది? మంచు మొదలవగానే స్కూళ్లు, ఆఫీసులు, ప్రభుత్వ కార్యాలయాలు దాదాపు ఒకే సమయంలో అందరినీ ఇంటికి పంపేశాయి. లక్షల కార్లు ఒక్కసారిగా రోడ్డెక్కాయి. టైర్ల కింద మంచు కరిగింది, మళ్లీ గడ్డకట్టి ఐస్‌ అయింది. ఉప్పు చల్లాల్సిన లారీలు కూడా అదే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాయి. చాలామంది కార్లు వదిలేసి నడుచుకుంటూ వెళ్లారు. వేల మంది విద్యార్థులు ఆ రాత్రి స్కూళ్లలోనే పడుకోవాల్సి వచ్చింది. ట్రాఫిక్‌లో చిక్కుకున్న కారులోనే ఓ మహిళ ప్రసవించింది. చివరికి జార్జియా గవర్నర్‌ నాథన్‌ డీల్‌ ప్రజలకు క్షమాపణ చెప్పారు.

తప్పు డ్రైవర్లది ఒక్కటే కాదు. ఎప్పుడో ఒకసారి మంచు పడే ఊళ్లో మంచు తీసే యంత్రాలు తక్కువ ఉంటాయి. వింటర్‌ టైర్లు ఎవరూ కొనరు. ఐస్‌ మీద బండి నడిపిన అనుభవం ఎవరికీ ఉండదు. అందరూ ఒకేసారి కొత్తవాళ్లే!

ఫోర్ట్‌వర్త్‌: ఆరుగురిని బలి తీసుకున్న సన్నని పొర

2021 ఫిబ్రవరి 11, ఉదయం 6 గంటల సమయం. టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌.. డాలస్‌కు పక్కనే ఉన్న నగరం. ఐ-35డబ్ల్యూ హైవే మీద గడ్డకట్టే చినుకులు పడ్డాయి. ఎత్తైన భాగం మీద ఐస్‌ పొర ఏర్పడింది. ముందు ఒక కారు జారింది. వెనకాల వచ్చినవి ఆగలేకపోయాయి. భారీ ట్రక్కులు కార్ల మీదకు ఎక్కేశాయి. సుమారు 130 వాహనాలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు, పదుల సంఖ్యలో గాయపడ్డారు.

ఈ ఘటనపై అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేసింది. ఐస్‌ పట్టకుండా ఆ రోడ్డుపై ఉప్పు ద్రావణం చల్లింది ప్రమాదానికి దాదాపు రెండు రోజుల ముందని తేలింది. ఎత్తైన భాగం మీద ఐస్‌ పేరుకుంటున్న విషయాన్ని రోడ్డు నిర్వహణ సంస్థ సకాలంలో గుర్తించి చర్యలు తీసుకోలేదని బోర్డు తేల్చింది.

వంతెనలు, ఫ్లైఓవర్ల మీదే ఐస్‌ ముందు ఎందుకు పడుతుంది? మామూలు రోడ్డుకు కింద నేల ఉంటుంది. ఆ వేడి కొంతసేపు కాపాడుతుంది. వంతెనకు పైనా కిందా చల్లగాలే. అందుకే అప్పటిదాకా బాగున్న రోడ్డు వంతెన ఎక్కగానే ఐస్‌ అవుతుంది. ఫ్రిస్కో, ఇర్వింగ్‌, ప్లేనో లాంటి చోట్ల ఉండే తెలుగు కుటుంబాల రోజువారీ ప్రయాణంలో ఇలాంటి ఫ్లైఓవర్లు తప్పవు.

ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ ఉంటే చాలు అనుకుంటున్నారా?

2024 డిసెంబర్‌ 23న మనాలీ దగ్గర సోలంగ్‌, అటల్‌ టన్నెల్‌ మధ్య సుమారు వెయ్యి వాహనాలు మంచులో చిక్కుకున్నాయి. దాదాపు 700 మంది పర్యాటకులను పోలీసులు బయటకు తీసుకొచ్చారు. ఆ సీజన్‌లో జారిపోతున్న బండ్ల నుంచి డ్రైవర్లు దూకేసిన వీడియోలు బాగా వైరల్‌ అయ్యాయి.

ఫోర్‌ వీల్‌ డ్రైవ్‌ బండిని ముందుకు లాగడానికి పనికొస్తుంది. ఆపడానికి పనికిరాదు. బ్రేక్‌ అన్ని కార్లకూ నాలుగు చక్రాల మీదే పడుతుంది. బండిని ఆపేది రోడ్డుకు టైరుకు మధ్య ఉన్న పట్టు. ఏబీఎస్‌ కూడా అంతే. చక్రం బిగుసుకుపోకుండా చూసి స్టీరింగ్‌ పనిచేసేలా చేస్తుంది కానీ, ఐస్‌ మీద లేని పట్టును తీసుకురాదు. మామూలు టైర్ల రబ్బరు 7 డిగ్రీల కిందకు వెళ్తే గట్టిపడటం మొదలవుతుంది. అరిగిన టైరైతే ఇక చెప్పక్కర్లేదు.

బండి జారుతుంటే ఏం చేయాలి?

- ముందు యాక్సిలరేటర్‌ వదిలేయండి. కంగారుగా బ్రేక్‌ కొట్టొద్దు.
- బండి ఎటు వెళ్లాలో అటే చూడండి, స్టీరింగ్‌ను అటే మెల్లగా తిప్పండి. ఎడాపెడా తిప్పితే బండి గిర్రున తిరుగుతుంది.
- ఆపాల్సి వస్తే.. ఏబీఎస్‌ ఉన్న కారులో బ్రేక్‌ను గట్టిగా తొక్కి అలాగే ఉంచండి. పెడల్‌ కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే భయపడొద్దు, అది పనిచేస్తోందని అర్థం. ఏబీఎస్‌ లేని పాత బండిలో మెల్లగా తొక్కుతూ వదులుతూ ఉండాలి.
- క్రూజ్‌ కంట్రోల్‌ వాడొద్దు.
- ముందు బండికి మామూలు కంటే ఎన్నో రెట్లు దూరం ఉంచండి.

ఐస్‌ను ముందే పసిగట్టొచ్చా? కొంతవరకు. రోడ్డు తడిగా కనిపిస్తున్నా ముందు బండి టైర్ల నుంచి నీళ్లు చిమ్మడం లేదంటే అనుమానించాలి. టైర్ల శబ్దం ఒక్కసారిగా తగ్గినా, స్టీరింగ్‌ తేలికైపోయినా అదే సంకేతం. కారు డ్యాష్‌బోర్డు 2 లేదా 3 డిగ్రీలు చూపిస్తోందని ధీమా వద్దు. అది గాలి ఉష్ణోగ్రత, రోడ్డుది కాదు.

మంచులో ఇరుక్కుపోతే ఇంజిన్‌ ఆన్‌లో ఉంచొచ్చా?

ఇది ప్రాణాల మీదకు తెచ్చే విషయం. 2022 జనవరిలో పాకిస్థాన్‌లోని ముర్రీలో మంచులో చిక్కుకున్న కార్లలో 20 మందికి పైగా చనిపోయారు. సైలెన్సర్‌ గొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్‌ మోనాక్సైడ్‌ లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. హీటర్‌ కావాలంటే ముందు దిగి సైలెన్సర్‌ చుట్టూ మంచు తీసేయాలి. ఇంజిన్‌ను కాసేపే ఆన్‌ చేసి ఆపేయాలి. ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి.

లంబసింగి వెళ్లేవాళ్లు ఇవి మర్చిపోవద్దు

- ముందు రోజు రాత్రి నర్సీపట్నంలోనో, కొండ మీదో బస చేయడం మంచిది. నిద్ర మానేసి అర్ధరాత్రి డ్రైవింగ్‌ వద్దు.
- పొగమంచులో హై బీమ్‌ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోనే పడుతుంది. డిమ్‌ లైట్‌, ఫాగ్‌ ల్యాంప్‌ వాడాలి.
- కనిపించే దూరంలోనే బండి ఆగేలా వేగం ఉండాలి. 30 మీటర్లే కనిపిస్తుంటే వేగం 30 దాటొద్దు. మలుపుల్లో, దిగువకు అంతకంటే తగ్గించాలి.
- దిగేటప్పుడు న్యూట్రల్‌ వద్దు. తక్కువ గేర్‌లో రావాలి. ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి. ఇది రూల్‌ కూడా.
- ఫొటో కోసం మలుపులో బండి ఆపొద్దు. వెనక వచ్చేవాళ్లకు మీరు కనిపించరు.
- అద్దం మీద మంచు గడ్డకడితే వేడినీళ్లు పోయొద్దు, పగిలే ప్రమాదం ఉంది. డీఫాగర్‌ వేసి కాసేపు ఆగండి.
- బైక్‌ మీద వెళ్లేవాళ్లు మలుపులో ముందు బ్రేక్‌ ఒక్కటే గట్టిగా పట్టొద్దు. మలుపు రాకముందే వేగం తగ్గించండి.

ఇక అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకు, కొత్తగా సెకండ్‌హ్యాండ్‌ కారు కొన్నవాళ్లకు ఇంటి నుంచి చెప్పాల్సిన మాట ఒకటుంది. గడ్డకట్టే వాన హెచ్చరిక వచ్చిందంటే ఆ ఉదయం కారు తీయొద్దు. కొన్ని గంటలు ఆగితే ఎండకో, చల్లిన ఉప్పుకో ఆ పొర కరిగిపోవచ్చు. క్లాసు పోతే మళ్లీ వినొచ్చు, ఆఫీసు పని ఇంటి నుంచి చేసుకోవచ్చు. ఐస్‌ మీద ఎంత గొప్ప డ్రైవర్‌ చేతిలోనైనా బ్రేక్‌ ఒకేలా పనిచేస్తుంది.. అంటే దాదాపు పనిచేయదు.