ఒకే గుండెపోటు, మూడు ఊళ్ళు: వైద్యంలో తేడా ఎక్కడ వస్తోంది?

కిందటి ఎపిసోడ్ చూసి చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "ఏలూరులో బతికే జబ్బుకి లంకలో ఎందుకు చచ్చిపోతున్నామండీ?" అని. మాట కొంచెం కటువుగా ఉంది కానీ ప్రశ్న సరైనదే. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెల్లవారుజాము మూడు గంటలు. అరవై ఏళ్ళ మనిషికి గుండెల్లో బరువు, ఎడమ చేయి లాగేస్తోంది, ఒళ్ళంతా చెమటలు. ఇదే మనిషిని ముగ్గురిని చేసి, ఒకరిని ఏలూరు టౌన్లో, ఒకరిని తాడేపల్లిగూడెంలో, ఒకరిని కొల్లేరు లంకలో పెట్టండి. జబ్బు ఒకటే, మందూ ఒకటే. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. దాన్ని ఇంజెక్షన్‌తో కరిగించాలి, లేదా క్యాథ్ ల్యాబ్‌లో స్టెంట్ వేసి తెరవాలి. ఆలస్యమైన ప్రతి నిమిషం గుండె కండ కొంచెం కొంచెం చచ్చిపోతుంది. అందుకే ఆసుపత్రి గడప దాటిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం.

ఏలూరు మనిషి ఆటో ఎక్కితే చాలు, పెద్దాసుపత్రికి చేరతాడు. తాడేపల్లిగూడెం మనిషికి ఏరియా ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది. ఆ రాత్రి అక్కడ ఈసీజీ తీసి, చదివి, ఇంజెక్షన్ ఇస్తే బతుకుతాడు. "ఇక్కడ కాదు, పెద్ద ఊరు తీసుకెళ్ళండి" అంటే మాత్రం ఇంకో గంట పోయినట్టే. ఇక లంక మనిషి. ముందు కైకలూరు వైపో ఏలూరు వైపో రోడ్డెక్కాలి. వానాకాలంలో ఆ రోడ్డే ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది గుర్తుందా? విజయవాడను ముంచిన ఆ నీరు చివరికి వచ్చి చేరింది మన కొల్లేరుకే. లంకలకి వెళ్ళే రోడ్లు మునిగిపోయి, పడవలే దిక్కయ్యాయి.

ఇక్కడ ఒక లెక్క చెప్తాను. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లాంటి కష్టమైన చోట 20 వేల మందికే ఒకటి. మన బుట్టాయగూడెం లాంటి ఏజెన్సీ మండలాలకి ఆ మినహాయింపు అవసరమే, న్యాయమే. మరి ఏడాదిలో కొన్ని నెలలు చుట్టూ నీళ్ళుండే లంక సంగతేంటి? జనాభాని లెక్కపెట్టాం సరే, దారిని కూడా లెక్కపెట్టామా? ఇది మనం అడగాల్సిన ప్రశ్న.

దీనికి దారి లేకపోలేదండి. ప్రతి ఊళ్ళో హార్ట్ స్పెషలిస్టుని పెట్టలేం. కానీ చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీ ఫోన్లో పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకి వెళ్తుంది. ఆయన చూసి చెప్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చేయొచ్చు. మన రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రుల్లో ఇది ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమం ఇదే పద్ధతి మీద నడుస్తుంది. అంటే మనిషిని వైద్యం దగ్గరికి మోసుకెళ్ళడం కాదు, వైద్యాన్నే మనిషి దగ్గరికి తేవడమన్నమాట.

ఇప్పటిదాకా వైద్యం అందకపోవడం గురించి చెప్పాను. దీనికి రెండో వైపు కూడా ఉంది, అవసరానికి మించి అందడం. అమెరికాలో జాన్ వెన్‌బెర్గ్ అనే డాక్టరు వెర్మాంట్ రాష్ట్రంలో పక్కపక్క ఊళ్ళని పోల్చి 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. ఒక ఊళ్ళో పిల్లల్లో సుమారు 70 శాతం మందికి టాన్సిల్స్ తీసేస్తుంటే, పక్క ఊళ్ళో 20 శాతం మందికే తీస్తున్నారు. పిల్లలు ఒకే రకం, గాలీ నీరూ ఒకటే. తేడా డాక్టర్ల అలవాటులో ఉంది. ఆ అంకెలు చూపించాక డాక్టర్లే రెండో అభిప్రాయం తీసుకోవడం మొదలుపెట్టారు. ఆపరేషన్లు బాగా తగ్గిపోయాయి. ఎవరినీ శిక్షించలేదు, లెక్క చూపించారు, అంతే.

మరి మన లెక్క? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5. మన రాష్ట్రంలోనే ప్రైవేటులో 63 శాతం, ప్రభుత్వాసుపత్రుల్లో 26.6. కష్టమైన కేసులు కొన్ని ప్రైవేటుకి వెళ్తాయనుకున్నా, అంత తేడా తల్లుల ఒంట్లో ఉండదు కదండీ.

సిజేరియన్ చెడ్డదని నేననడం లేదు, అవసరమైనప్పుడు అది ప్రాణదాత. బాధేంటంటే, ఒక తల్లికి అక్కర్లేని కోత పడుతోంది, ఇంకో తల్లికి కావాల్సిన కోత సమయానికి దొరకడం లేదు.

2020 డిసెంబరు 5 మన ఏలూరువాళ్ళు మర్చిపోలేరు. వన్ టౌన్‌లో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఎక్కువమంది త్వరగానే కోలుకున్నారు. ఎందుకంటే దగ్గర్లో పెద్దాసుపత్రి ఉంది, విజయవాడకి పంపే ఏర్పాటూ ఉంది. కానీ కారణం తెలియాలంటే నమూనాలు ఢిల్లీ, హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని తర్వాత నిపుణులు తేల్చారు. 2023లో ఏలూరుకి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. డాక్టర్లతో పాటు నీళ్ళనీ రక్తాన్నీ ఇక్కడే పరీక్షించే ల్యాబులు కూడా బలపడాలి. ఆ డిసెంబరు నేర్పిన పాఠం అదే.

ఇక మనం చేయగలిగింది. ప్రభుత్వాసుపత్రులకి ఎన్‌క్వాస్ అనే జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. ఆసుపత్రిని అంశాలవారీగా తనిఖీ చేసి మార్కులు వేస్తారు. మీ ఊరి ఆసుపత్రికి ఆ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో మీకు తెలిసినవాళ్ళుంటే వాళ్ళతో మూడు ప్రశ్నలు వేయించండి. ఒకటి, గుండెనొప్పితో వచ్చినవాళ్ళకి ఎన్ని నిమిషాల్లో ఈసీజీ తీస్తున్నారు? రెండు, గడ్డ కరిగించే ఇంజెక్షన్, పాముకాటు మందు ఈరోజు స్టాకులో ఉన్నాయా, రాత్రి డ్యూటీలో డాక్టరున్నారా? మూడు, కిందటి నెల కాన్పుల్లో సిజేరియన్లు ఎన్ని? గోడవ పడక్కర్లేదు, మర్యాదగానే అడగండి. ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారని తెలిస్తే, లెక్క రాయడం మొదలవుతుంది. లెక్క రాస్తే పక్క ఊరితో పోల్చొచ్చు. పోలిస్తేనే తేడా తగ్గుతుంది.

లంకల్లో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. వానలు రాకముందే రాత్రిపూట పడవ ఎవరు నడుపుతారు, 108 ఏ గట్టు దగ్గరికి రాగలదు, ఈ రెండూ ఊరంతా కూర్చుని తేల్చుకోండి. నెలలు నిండుతున్న ఆడపిల్లలుంటే వరద హెచ్చరిక రాగానే కైకలూరో ఏలూరో చేర్చేయండి. గుండెల్లో నొప్పి వస్తే "గ్యాస్ అయ్యుంటుందిలే, తెల్లారాక చూద్దాం" అనుకోవద్దండి. ఆ తెల్లారేలోపే చాలామంది పోతున్నారు.

మీ ఊళ్ళో అనుభవం ఎలా ఉందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.